మెకానికల్ కీబోర్డు ప్లేట్ సొంతంగా డిజైన్ చేయడం ఎలా: లేఅవుట్ నుంచి లేజర్ కటింగ్ దాకా

మెకానికల్ కీబోర్డు కీక్యాప్‌లు పీకి చూస్తే స్విచ్‌లన్నీ ఒక పలకలో బిగించి ఉంటాయి. ఆ పలకే ప్లేట్. కీ కొట్టినప్పుడు వచ్చే శబ్దం, వేలికి తగిలే గట్టిదనం చాలావరకు దాని మీదే ఆధారపడతాయి. అందుకే కాస్త కీబోర్డుల పిచ్చి పట్టినవాళ్లెవరైనా ఎప్పుడో ఒకప్పుడు సొంత ప్లేట్ దగ్గరికి వస్తారు.

దీనికోసం వేలకు వేలు పోసి, కొలతలతో బొమ్మలు గీసే క్యాడ్ సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. కావలసినవన్నీ ఉచితంగానే దొరుకుతాయి, సగం పని బ్రౌజర్‌లోనే అయిపోతుంది. కానీ ఒకటి గుర్తుంచుకోండి. మీ స్విచ్ ఏదో, వెడల్పాటి కీలు పక్కకి ఒరగకుండా పట్టే స్టెబిలైజర్ ఏ రకమో, షాపులో లేజర్ గీతకి ఎంత మేర తినేస్తుందో ఆ సాఫ్ట్‌వేర్‌కి తెలియదు. మీరు తప్పు కొలత ఇస్తే ఆ తప్పునే ఎంతో అందంగా గీసి పెడుతుంది. కాబట్టి ఇక్కడ ఏ బటన్ నొక్కాలనే దానికంటే ఏ కొలత ఎక్కడ సరిచూసుకోవాలనే దాని మీదే ఎక్కువ చెబుతాను. ఉదాహరణకి 61 కీలుండే మామూలు 60 శాతం ఏఎన్ఎస్ఐ కీబోర్డు తీసుకుందాం. 60 శాతం అంటే ఎఫ్ కీలు, బాణం కీలు, నంబర్ ప్యాడ్ లేని చిన్న సైజు; ఏఎన్ఎస్ఐ అంటే అమెరికన్ కీల అమరిక. మన దగ్గర దొరికే కీబోర్డుల్లో ఎక్కువ ఈ ఏఎన్ఎస్ఐ అమరికవే.

గీసే ముందు వెతకండి

మీ పీసీబీకి, అంటే స్విచ్‌ల కింద ఉండే సర్క్యూట్ బోర్డుకి, ప్లేట్ ఫైల్ ఇప్పటికే ఉందేమో ముందు చూడండి. చాలామంది పీసీబీ తయారీదారులు డీఎక్స్ఎఫ్ అనే క్యాడ్ డ్రాయింగ్ ఫైల్ ఉచితంగానే ఇస్తారు. కార్నే లాంటి ఓపెన్ సోర్స్ కీబోర్డులకైతే ప్లేట్ ఫైళ్లు ప్రాజెక్టులోనే ఉంటాయి. తయారీదారు ఇచ్చిన ఫైల్‌ని మీకు కావలసినట్టు మార్చుకోవడం, మొదటి నుంచి గీసుకోవడం కంటే ఎప్పుడూ మేలు. స్క్రూ రంధ్రాలు ఎక్కడ రావాలి, స్టెబిలైజర్లు ఎటు తిరిగి ఉండాలి అన్నది వాళ్లకే బాగా తెలుసు.

ఫైల్ దొరక్కపోతే, లేదా పీసీబీ లేకుండా స్విచ్‌లకు నేరుగా వైర్లు సోల్డర్ చేసుకునే ఆలోచన ఉంటే, కిందికి రండి.

1. స్విచ్, స్టెబిలైజర్, మందం తేల్చుకోండి

చెర్రీ ఎంఎక్స్ రకం స్విచ్‌కి 14 మి.మీ. చదరపు రంధ్రం కావాలి. ఒక కీ మధ్య నుంచి పక్క కీ మధ్యకి దూరం 19.05 మి.మీ., అంటే ముప్పావు అంగుళం. ఈ దూరాన్నే 1యూ అంటారు. గేటరాన్, ఔటెము లాంటి ఎంఎక్స్ తరహా స్విచ్‌లన్నిటికీ ఇదే లెక్క. పొట్టిగా ఉండే కైల్ చాక్ మొదటి రకానికి రంధ్రం సుమారు 13.8 మి.మీ. దాని కీల దూరం సాధారణంగా అడ్డంగా 18, నిలువుగా 17 పెడతారు. పాత ఆల్ప్స్ స్విచ్‌లకైతే రంధ్రం చదరమే కాదు, 15.5 బై 12.8. ఎంఎక్స్ కోసం గీసిన ప్లేట్‌లో వీటిలో ఏదీ కూర్చోదు.

మందం విషయంలో రాజీ పడకండి. ఎంఎక్స్ స్విచ్ పక్కల ఉండే చిన్న కొక్కేలు 1.5 మి.మీ. మందానికి సరిపడేలా చేసినవి. 3 మి.మీ. యాక్రిలిక్‌లో పెడితే అవి పట్టుకోవు, స్విచ్ కేవలం బిగుతు మీద నిలబడుతుంది. కీక్యాప్ లాగినప్పుడల్లా స్విచ్ కూడా ఊడి చేతికొస్తుంది.

స్టెబిలైజర్లు రెండు రకాలు. ప్లేట్‌కి తగిలించేవి కొన్ని, పీసీబీకి స్క్రూతో బిగించేవి కొన్ని. రెండో రకమైతే ప్లేట్‌లో రంధ్రం కాస్త పెద్దదైనా నష్టం లేదు, ఎందుకంటే అవి ప్లేట్‌ని పట్టుకోవు. మొదటి రకానికి మాత్రం రంధ్రం ఆకారం, కొలత, ప్లేట్ మందం అన్నీ పక్కాగా ఉండాలి. పీసీబీ లేని కీబోర్డుకి ప్లేట్ రకం తప్ప వేరే దారి లేదు, స్క్రూ బిగించడానికి కింద ఏమీ ఉండదు కదా.

2. కీబోర్డ్ లేఅవుట్ ఎడిటర్‌లో అమరిక

అందరూ కేఎల్ఈ అని పిలిచే ఈ వెబ్ టూల్ కీల అమరిక గీయడానికి. ప్రీసెట్లలో 60 శాతం లేఅవుట్ రెడీగా ఉంటుంది, దాన్నే తెరిచి మీ పీసీబీకి తగ్గట్టు మార్చుకోండి. రంగులు, అక్షరాలు, ఫాంట్ల మీద టైమ్ వృథా చేయకండి. ప్లేట్ టూల్‌కి కావలసింది కీ ఎక్కడుంది, ఎంత వెడల్పుంది అన్నదే.

ప్రతి వరుస మొత్తం 15యూ రావాలి. పై వరుసలో 13 మామూలు కీలు, 2యూ బ్యాక్‌స్పేస్. క్యాప్స్‌లాక్ వరుసలో 1.75, పదకొండు కీలు, 2.25 ఎంటర్. షిఫ్ట్ వరుసలో 2.25, పది కీలు, 2.75. అడుగు వరుసలో ఏడు 1.25 కీలు, మధ్యలో 6.25 స్పేస్‌బార్. ఒక వరుస 15.25 అయితే ఎక్కడో పావు యూనిట్ ఎక్కువైందన్నమాట. కంటికి ఇది కనిపించదు, కూడి చూడాల్సిందే.

రెండు చోట్ల జాగ్రత్త పడాలి. మెట్టు ఆకారంలో ఉండే స్టెప్డ్ క్యాప్స్‌లాక్‌కి స్విచ్ కీ నడుమ ఉండదు, ఎడమకి జరిగి ఉంటుంది. కేఎల్ఈలో మామూలు 1.75 కీ పెడితే రంధ్రం తప్పు చోట పడుతుంది. వెడల్పు 1.25, రెండో వెడల్పు 1.75 ఇస్తే సరైన చోట వస్తుంది. రెండోది, ఒకే ప్లేట్‌లో పూర్తి బ్యాక్‌స్పేస్, విడిపోయిన బ్యాక్‌స్పేస్ రెండూ కావాలని కీల మీద కీలు పెట్టడం. అలా చేయొచ్చు, కానీ రంధ్రాలు ఒకదాని మీదొకటి పడి గీతలు అడ్డదిడ్డంగా దాటుకుంటాయి. వాటిని తర్వాత క్యాడ్‌లో ఒకే రంధ్రంగా కలపాలి.

తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లో టైప్ చేసేవాళ్లకి ఒక చిన్న మాట. అక్షరాలకి ప్లేట్‌తో సంబంధం లేదు కానీ, కొన్ని గుర్తులకి కుడి ఆల్ట్ నొక్కాలి. అందం కోసం ఆ కీని ఎత్తేసిన లేఅవుట్లు కొన్నున్నాయి, వాటి జోలికి పోకండి.

పని అయ్యాక రా డేటా ట్యాబ్‌లో ఉన్న టెక్స్ట్ మొత్తం కాపీ చేసి, ఒక టెక్స్ట్ ఫైల్‌లో దాచుకోండి. బ్రౌజర్ మూస్తే పోయిందనే టెన్షన్ ఉండదు.

3. ప్లేట్ జనరేటర్

ఆ టెక్స్ట్‌ని ప్లేట్ జనరేటర్‌లో పేస్ట్ చేయడమే. వీటిలో బాగా వాడుకలో ఉన్నవి రెండు. స్విల్‌కేబీ బిల్డర్ పాతది, ప్లేట్‌తోపాటు పొరలు పొరలుగా పేర్చే శాండ్‌విచ్ కేసు కూడా గీసిస్తుంది. ఏఐ03 ప్లేట్ జనరేటర్ తర్వాత వచ్చింది, రంధ్రాల వరకే ఇస్తుంది. బయటి అంచు, స్క్రూ రంధ్రాలు మనమే గీసుకోవాలి. నేనైతే రెండోదే ఎంచుకుంటాను. అంచు ఎలాగూ మీ కేసుని బట్టి మారేదే, టూల్ గీసిన అంచుని చెరిపి మళ్లీ గీయడం కంటే ఖాళీగా ఇవ్వడమే నయం.

స్విచ్ రకం ఎంఎక్స్, యూనిట్ వెడల్పు, ఎత్తు రెండూ 19.05 ఉంచండి. మూలల వంపు, అంటే రేడియస్, 0.5 మి.మీ. పెట్టండి. లేజర్‌కి ఇది అంత ముఖ్యం కాదు కానీ, తిరిగే బిట్‌తో కోసే సీఎన్‌సీ మెషిన్‌కి లోపలి మూల పదునుగా రాదు. కెర్ఫ్ అనే గడిలో ప్రస్తుతానికి సున్నా ఉండనివ్వండి, దాని సంగతి తర్వాత.

ఎర్గోజెన్ అనే ఇంకో టూల్ ఉంది. చేతివేళ్ల పొడవుని బట్టి కీల వరుసలు పైకీ కిందకీ జరిగే స్ప్లిట్ కీబోర్డులకి అది. మౌస్‌తో లాగడం ఉండదు, కొలతలన్నీ టెక్స్ట్ రూపంలో రాస్తే ప్లేట్ గీతలు, పీసీబీ ఫైల్ కూడా తయారుచేస్తుంది. కోడ్ రాసే అలవాటున్నవాళ్లకి నచ్చుతుంది. మామూలు 60 శాతం కీబోర్డుకి మాత్రం దాని అవసరం లేదు.

4. క్యాడ్‌లో తెరిచి కొలవండి

వచ్చిన డీఎక్స్ఎఫ్‌ని నేరుగా షాపుకి పంపకండి. లిబ్రెక్యాడ్, క్యూక్యాడ్, ఫ్రీక్యాడ్, వ్యక్తిగత వాడకానికి ఉచితంగా ఇచ్చే ఫ్యూజన్, వీటిలో ఏదైనా ఫర్వాలేదు. గీతలు చెరపడం, కొలవడం వరకైతే లిబ్రెక్యాడ్ చాలు, పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. ఇంక్‌స్కేప్‌లోనూ చేయొచ్చు కానీ కొలతల పనికి అది నాకు అంత నచ్చదు.

తెరవగానే ఈ మూడు దూరాలు కొలవండి. పక్కపక్క కీల మధ్యలకి 19.05. పై వరుసలో మొదటి కీ మధ్య నుంచి బ్యాక్‌స్పేస్ మధ్యకి 13.5యూ, అంటే 257.175 మి.మీ. స్పేస్‌బార్ స్టెబిలైజర్ రెండు రంధ్రాల మధ్యలకి 6.25యూ అయితే 100 మి.మీ. మీరు 7యూ స్పేస్‌బార్ వాడితే 114.3. ఈ మూడూ సరిపోతే లేఅవుట్, స్కేల్, స్టెబిలైజర్ అన్నీ సరిగా వచ్చినట్టే.

ఇప్పుడు బయటి అంచు. 60 శాతం కీల మొత్తం వైశాల్యం 15 బై 5 యూనిట్లు, అంటే 285.75 బై 95.25 మి.మీ. అయితే ఇదే ప్లేట్ కొలత అనుకోకండి. మామూలు 60 శాతం కేసుల్లో కూర్చునే పీసీబీ సుమారు 285 బై 94.6. ప్లేట్ కూడా ఆ లెక్కలోనే ఉండాలి, లేకపోతే కేసు గోడలకి ఒరుసుకుంటుంది. మీ కేసు లోపలి కొలత వెర్నియర్ క్యాలిపర్‌తో తీసుకుని, ఒక్కో వైపు పావు మి.మీ. వదులు ఇవ్వండి.

ఒకే గీత మీద రెండు గీతలు పడి ఉంటే లేజర్ అదే దారిలో రెండుసార్లు పోతుంది. యాక్రిలిక్ అయితే అంచు కరిగి రంధ్రం పెద్దదవుతుంది. డూప్లికేట్ గీతలు తీసేసి, ప్రతి రంధ్రం పూర్తిగా మూసుకున్న గీతేనా అని చూసుకోండి. ఒక మూల తెరుచుకుని ఉంటే కొన్ని మెషిన్లు దాన్ని రంధ్రంగా గుర్తించవు.

స్పేస్‌బార్ స్టెబిలైజర్ దిశ కూడా పీసీబీతో పోల్చండి. కొన్ని పీసీబీల్లో స్పేస్‌బార్ స్టెబిలైజర్ తలకిందులుగా ఉంటుంది, ప్లేట్ రంధ్రం కూడా అలాగే తిప్పాలి. స్విచ్ లైట్ పైకుందా కిందకుందా అన్నదాన్ని మాత్రం పట్టించుకోకండి, చదరపు రంధ్రానికి పై కింద అంటూ ఏముంటుంది.

5. కెర్ఫ్: అసలు తిరకాసు ఇక్కడే

లేజర్ కోసేటప్పుడు గీత వెడల్పు మేర మెటీరియల్‌ని కాల్చేస్తుంది. ఆ వెడల్పే కెర్ఫ్. ఉదాహరణకి అది 0.2 మి.మీ. అనుకోండి. లేజర్ మీ గీత నడిమధ్యన నడిస్తే ఒక్కో వైపు 0.1 చొప్పున రంధ్రం పెరిగి, 14 కాస్తా 14.2 అవుతుంది. స్విచ్ కూర్చుంటుంది, కానీ కదులుతుంది. ఇది తెలిసి మీరు ఫైల్‌లోనే 13.8కి తగ్గించి పంపారు. అదే సమయంలో షాపులో ఆపరేటర్ కూడా తన అలవాటు ప్రకారం తగ్గించాడు. ఇప్పుడు రంధ్రం నిజంగానే 13.8. అరవై ఒక్క స్విచ్‌లలో ఒక్కటీ దిగదు.

కాబట్టి ఆర్డర్ ఇచ్చే ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: కెర్ఫ్ మీరు సరిచేస్తారా, నన్ను చేసుకోమంటారా? మెటల్ కోసే షాపులు చాలావరకు తామే సరిచేస్తాయి. అప్పుడు మీ ఫైల్‌లో కచ్చితంగా 14.0 ఉంచి, రంధ్రం పూర్తయ్యాక 14.0 రావాలని డ్రాయింగ్ మీదే రాసి పంపండి. నేమ్ బోర్డులు చేసే షాపుల్లో మాత్రం గీత ఎక్కడుంటే అక్కడే కోసేయడం మామూలు.

అలాంటి చోట ముందు ఒక టెస్ట్ ముక్క కోయించండి. ఒక చిన్న పట్టీ మీద 13.7, 13.8, 13.9, 14.0, 14.1 మి.మీ. రంధ్రాలు ఐదు వరుసగా గీయండి. ప్రతిదాని పక్కన దాని నంబర్ చెక్కించండి, ఏ రంధ్రం ఏదో తర్వాత వెతుక్కోవాల్సిన పని ఉండదు. మీరు వాడబోయే మెటీరియల్ మీదే, అదే మందంలో, అదే మెషిన్‌పై కోయించాలి. స్విచ్ నొక్కితే టక్కుమని దిగి, తలకిందులు చేసి విదిలిస్తే ఊడనిదే మీ కొలత. 14కి, ఆ కొలతకి ఉన్న తేడాని జనరేటర్‌లో కెర్ఫ్‌గా ఇచ్చి ఫైల్ మళ్లీ తీసుకోండి.

6. కాగితం మీద చూడండి

డబ్బు పెట్టే ముందు ఫైల్‌ని అసలు సైజులో ప్రింట్ తీయండి. ప్రింట్ సెట్టింగ్‌లో ఫిట్ టు పేజ్ ఉంటే తీసేసి యాక్చువల్ సైజ్ పెట్టాలి. ఏ4 కాగితం పొడవు 297 మి.మీ., ప్లేట్ 285. సరిపోతుందనిపిస్తుంది కానీ, చాలా ప్రింటర్లు అంచుల్లో కొంత వదిలేస్తాయి కాబట్టి చివర్లు తెగిపోవచ్చు. జిరాక్స్ షాపులో ఏ3 మీద తీయించుకోవడం సులువు. ముందు స్కేల్ పెట్టి ఆ 257 మి.మీ. దూరం కొలవండి, తర్వాత కాగితం మీద పీసీబీ పెట్టి, లైట్‌కి ఎత్తిపట్టి స్విచ్ రంధ్రాలు, స్క్రూ రంధ్రాలు కలుస్తున్నాయా చూడండి. ఇక్కడ అర మి.మీ. తేడా కనిపిస్తే కాగితం సాగిందని సర్దిచెప్పుకోకండి, మళ్లీ క్యాడ్‌కి వెళ్లండి.

7. కోయించడం

అల్యూమినియం, స్టెయిన్‌లెస్ స్టీల్, ఇత్తడి కోయడానికి ఫైబర్ లేజర్ ఉన్న షీట్ మెటల్ షాపు కావాలి. హైదరాబాద్‌లో అయితే బాలానగర్, జీడిమెట్ల పారిశ్రామికవాడల వైపు అడగండి. ప్రోటోటైప్‌ల కోసమే పెట్టిన టీ-వర్క్స్ రాయదుర్గంలో ఉంది, అక్కడా కనుక్కోవచ్చు. ఒక్క పీస్ అంటే కొందరు మొహం తిప్పేస్తారు. వాళ్ల దగ్గర వేరే పనిలో మిగిలిన రేకు ముక్కలో కోసిస్తారేమో అడిగి చూడండి. మీకు కావలసింది అడుగు పొడవు, అరచేతి వెడల్పు ముక్క అంతే.

మెటల్ షాపులో మందం గేజ్‌లలో చెబుతారు. 16 గేజ్ అంటే 1.5 అనుకుని ఊ కొట్టకండి. స్టాండర్డ్ వైర్ గేజ్ లెక్కలో అది సుమారు 1.63 మి.మీ., ఎంఎక్స్ స్విచ్ కొక్కేనికి కాస్త ఎక్కువే. 18 గేజ్ 1.22, అది చాక్ స్విచ్‌లకి దగ్గర. మి.మీ.లోనే అడగండి, క్యాలిపర్ వెంట తీసుకెళ్లి రేకుని అక్కడే కొలవండి.

యాక్రిలిక్‌కైతే బోర్డుల షాపుల్లో ఉండే సీఓ2 లేజర్ సరిపోతుంది. ఈ షాపుల్లో ఎక్కువమంది ఫైల్‌ని కోరెల్‌డ్రాలో తెరుస్తారు. డీఎక్స్ఎఫ్ తెచ్చుకునేటప్పుడు ఒక యూనిట్ అంటే అంగుళమా, మి.మీ.నా అని అది అడుగుతుంది. అక్కడ అంగుళం ఎంచుకుంటే ప్లేట్ 25.4 రెట్లు పెద్దదై తెర దాటిపోతుంది, కంగారుగా దాన్ని లాగి చిన్నది చేసి, అందాజాగా 285కి సరిపెట్టేస్తారు. అలా జరగనివ్వకండి. మెట్రిక్ ఎంచుకోమని చెప్పి, తెర మీద ఒక రంధ్రం 14 ఉందో లేదో మీ కళ్లతో చూసుకోండి. ఇంకో మాట, రెండు రంధ్రాల మధ్య మిగిలేది 5.05 మి.మీ. మాత్రమే. 1.5 మి.మీ. యాక్రిలిక్‌లో ఆ సన్నటి పట్టీలు స్విచ్‌లు నొక్కేటప్పుడే పుటుక్కుమంటాయి. అదే ప్లాస్టిక్ మెత్తదనం కావాలంటే పాలికార్బొనేట్ మంచిది, కానీ దాన్ని లేజర్‌తో కోస్తే అంచు పసుపెక్కి మాడుతుంది, సీఎన్‌సీ మెషిన్‌పై చేయించాలి.

నన్నడిగితే మొదటి ప్లేట్‌కి ఎఫ్ఆర్4 మేలు. పీసీబీలు చేసే అదే ఆకుపచ్చ బోర్డు మెటీరియల్. పీసీబీ తయారుచేసే కంపెనీలకి ఆన్‌లైన్‌లో పంపితే చాలు, కెర్ఫ్ గొడవ వాళ్లే చూసుకుంటారు. మామూలు మందం 1.6, 1.5 కంటే కొంచెం ఎక్కువైనా ఎంఎక్స్ స్విచ్‌లు దాన్ని పట్టుకుంటాయి. దీనికి కీక్యాడ్ అనే ఉచిత పీసీబీ డిజైన్ సాఫ్ట్‌వేర్ కావాలి. పీసీబీ ఎడిటర్ తెరిచి, ఫైల్ మెనూలో ఇంపోర్ట్ ద్వారా మీ డీఎక్స్ఎఫ్‌ని బోర్డు కోత గీతలుండే ఎడ్జ్ కట్స్ లేయర్‌లోకి తెచ్చుకోండి, యూనిట్ మి.మీ. ఉందో చూడండి. త్రీడీ వ్యూయర్‌లో రంధ్రాలు నిజంగా ఖాళీగా కనిపించాలి. బోర్డు మొత్తం నిండుగా కనిపిస్తే ఎక్కడో గీత మూసుకోలేదని అర్థం. తర్వాత పీసీబీ కంపెనీలు తయారీకి వాడే గెర్బర్ ఫైళ్లు తీసి జిప్ చేసి పంపడమే. వాళ్లు ఆర్డర్ నంబర్‌ని బోర్డు మీద ముద్రిస్తారు, అది కీల మధ్య కనిపించకుండా ఉండాలంటే ఆర్డర్‌లోనే ఆ ఆప్షన్ చూసుకోండి.

8. ప్లేట్ చేతికొచ్చాక

మెటల్ ప్లేట్ అయితే అంచుల్లో బర్, అంటే కోతలో మిగిలిన గరుకు మొన, ఉంటుంది, సన్న ఆకురాయితో తేలిగ్గా రుద్దేయండి. ఫైల్ పొరపాటున అద్దంలో బొమ్మలా తిరగబడి వచ్చిందా? రెండు వైపులా ఒకేలా ఉండే సాదా ప్లేట్ అయితే బోర్లా తిప్పి వాడేయండి, ఎవరికీ తెలియదు.

స్టెబిలైజర్లు ముందు పెట్టాలి. స్విచ్‌లు పెట్టాక అవి దూరవు. తర్వాత నాలుగు మూలల్లో నాలుగు స్విచ్‌లు, నడుమ ఒకటి పెట్టి పీసీబీ మీద కూర్చోబెట్టండి. ప్లేట్ పై భాగం నుంచి పీసీబీ పై భాగానికి 5 మి.మీ. ఉండాలి, అంటే 1.5 ప్లేట్‌కి మధ్యలో ఖాళీ 3.5. స్పేసర్లు కొనేటప్పుడు ఈ అంకె పనికొస్తుంది. ఈ ఐదూ పిన్నులు వంగకుండా దిగితేనే మిగిలినవి పెట్టండి.

అక్కడక్కడ స్విచ్ వదులైతే దాని రెండు పక్కలా సన్న టేప్ ముక్క అంటించి పెట్టండి, బిగుస్తుంది. బిగుతుగా ఉంటే స్విచ్‌ని బలవంతంగా నెట్టకుండా రంధ్రాన్నే చదరపు ఆకురాయితో రెండు మూడుసార్లు గీకి, మళ్లీ పెట్టి చూడండి. పీసీబీకి సోల్డర్ చేసేది మాత్రం అన్ని కీక్యాప్‌లూ ఒకసారి పెట్టి, పక్క కీకి ఏదీ తగలడం లేదని చూసుకున్నాకే.